ప్లగిన్ టెస్టులన్నీ పాసయ్యాయి, మరి బిల్డ్ ఎందుకు ఆగింది?

2025 జులై ఆఖర్లో గ్రేడిల్ అనే బిల్డ్ టూల్ (కోడ్ నుంచి యాప్‌ని తయారుచేసే సాధనం) 9వ వెర్షన్ వచ్చింది. దాన్ని నడపడానికి కనీసం జావా 17 ఉండాలి. లోపల ఉండే గ్రూవీ భాష 3 నుంచి 4కి మారింది. బిల్డ్‌ని సిద్ధం చేసే దశ ఫలితాన్ని దాచుకుని మళ్లీ వాడే కాన్ఫిగరేషన్ క్యాష్ సౌకర్యాన్ని వాడమని గ్రేడిల్ తానే సిఫారసు చేయడం మొదలుపెట్టింది. ఇలాంటి పెద్ద వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆండ్రాయిడ్, జావా టీముల్లో ఒకే రకం గందరగోళం మొదలవుతుంది. యాప్ కోడ్‌లో ఎవరూ ఏమీ మార్చలేదు, అయినా బిల్డ్ ఆగిపోతుంది. ఎర్రర్ వెంట వెళ్తే చాలాసార్లు ఏదో ఒక ప్లగిన్ (బిల్డ్ టూల్‌కి అదనపు పనులు నేర్పే కోడ్) దగ్గర తేలుతుంది. ఆ ప్లగిన్ సోర్స్ తెరిచి చూస్తే అందులో టెస్టులు ఉన్నాయి, అన్నీ పాసయ్యాయి కూడా.

అయితే ఆ టెస్టులు దేన్ని పరీక్షించినట్టు? బిల్డ్ టూల్ ప్లగిన్‌ని పరీక్షించడం మామూలు కోడ్‌ని పరీక్షించడం కంటే ఎందుకు కష్టమో, ఏ పద్ధతి ఏ లోపాన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో ఈ వ్యాసంలో విడదీసి చూద్దాం. తెలుగు డెవలపర్లలో ఆండ్రాయిడ్ పని చేసేవాళ్లు చాలామంది కాబట్టి గ్రేడిల్‌నే ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాను. చివర్లో మేవెన్, బేజెల్ అనే వేరే బిల్డ్ టూల్స్ సంగతి కూడా కొంత వస్తుంది.

బిల్డ్ టూల్, ప్లగిన్, టాస్క్: ఏది ఏమిటి

మనం రాసిన కోడ్‌ని కంపైల్ చేసి, టెస్టులు నడిపి, ప్యాక్ చేసి, చివరికి ఒక జార్ ఫైలో ఏపీకే ఫైలో చేతికిచ్చేది బిల్డ్ టూల్. ఆ పనిలో ఒక్కొక్క మెట్టును గ్రేడిల్ టాస్క్ అంటుంది. గ్రేడిల్‌కి స్వతహాగా జావా గురించి గానీ ఆండ్రాయిడ్ గురించి గానీ పెద్దగా తెలియదు. ఆ తెలివి ప్లగిన్ల ద్వారా వస్తుంది. ప్లగిన్ అంటే అప్లై అనే ఒక మెథడ్ ఉన్న క్లాస్. గ్రేడిల్ ఆ మెథడ్‌ని పిలిచి మన ప్రాజెక్టుని దాని చేతిలో పెడుతుంది. ప్లగిన్ అందులో టాస్కులు చేరుస్తుంది, సెట్టింగులు మారుస్తుంది. ఫ్లట్టర్‌లో ప్లగిన్ అని పిలిచేది యాప్‌లో కలిసిపోయే లైబ్రరీ. ఇక్కడ మాట్లాడుతున్నది అది కాదు. ఈ ప్లగిన్ యాప్‌లోకి వెళ్లదు, యాప్ తయారయ్యేటప్పుడు మాత్రమే నడుస్తుంది.

గ్రేడిల్ బిల్డ్ మూడు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో ఏయే ప్రాజెక్టులు ఉన్నాయో చూసుకుంటుంది. రెండోది కాన్ఫిగరేషన్ దశ: బిల్డ్ ఫైళ్లు చదివి, ప్లగిన్లను అప్లై చేసి, ఏ టాస్క్ దేని మీద ఆధారపడుతుందో తేల్చుకుంటుంది. మూడో దశలో కావలసిన టాస్కులను నడుపుతుంది. ప్లగిన్ కోడ్‌లో కొంత రెండో దశలో, కొంత మూడో దశలో నడుస్తుంది. ప్లగిన్లలో వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ చీలికే.

ఇంకో సంగతి కూడా అంతే ముఖ్యం. గ్రేడిల్ ఒకసారి చేసిన పనిని అనవసరంగా మళ్లీ చేయదు. టాస్క్ ఇన్‌పుట్లు ఏమీ మారలేదని, అవుట్‌పుట్లు అలాగే ఉన్నాయని తేలితే దాన్ని అప్-టు-డేట్ అని ప్రకటించి దాటేస్తుంది. బిల్డ్ క్యాష్ ఆన్‌లో ఉంటే వేరే మెషీన్‌లో తయారైన ఫలితాన్ని కూడా తెచ్చి వాడుకుంటుంది. గ్రేడిల్ వేగానికి ఇదే ఆధారం. కాకపోతే ఒక టాస్క్‌కి ఇన్‌పుట్లు ఏవో గ్రేడిల్ సొంతంగా కనిపెట్టలేదు. ప్లగిన్ రాసినవాళ్లే చెప్పాలి. వాళ్లు చెప్పింది తప్పైతే బిల్డ్ తప్పు ఫలితాన్ని ఇస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. కుప్పకూలే ప్లగిన్ కంటే ఇది ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. కూలితే కనీసం మనకు తెలుస్తుంది కదా.

ఒక ఉదాహరణ ప్లగిన్: తెలుగు అనువాదాల తనిఖీ

ఒక చిన్న ప్లగిన్ ఊహించుకుందాం. ఆండ్రాయిడ్ యాప్‌లో తెర మీద కనిపించే మాటలన్నీ స్ట్రింగ్స్ ఫైల్లో ఉంటాయి. మూల భాష మాటలు వాల్యూస్ ఫోల్డర్లో, తెలుగువి వాల్యూస్-టీఈ ఫోల్డర్లో ఉంటాయి. మన ప్లగిన్ ఒకే ఒక టాస్క్ చేరుస్తుంది. మూల ఫైల్లో ఉన్న ప్రతి మాటకీ తెలుగు ఫైల్లో జోడీ ఉందో లేదో చూసి, ఒక రిపోర్ట్ ఫైలు రాస్తుంది. జోడీ లేకపోతే బిల్డ్‌ని ఆపేస్తుంది. ఆండ్రాయిడ్ లింట్ అనే కోడ్ తనిఖీ టూల్‌లో ఈ తనిఖీ ఇప్పటికే ఉంది కాబట్టి నిజంగా ఇలాంటి ప్లగిన్ రాయాల్సిన అవసరం లేదు. విషయం అర్థం కావడానికి మాత్రం ఇది సరిపోతుంది.

రిపోర్ట్ ఫైలు ఎందుకంటే, అవుట్‌పుట్ అంటూ ఏదీ ప్రకటించని టాస్క్‌ని గ్రేడిల్ ఎప్పుడూ అప్-టు-డేట్‌గా చూడదు. ప్రతిసారీ నడుపుతుంది. తనిఖీ టాస్కుల్లో కూడా రిపోర్ట్ రాయించే అలవాటు ఉన్నది ఇందుకే.

ప్రాజెక్ట్‌బిల్డర్ ఎంతవరకు చూస్తుంది

మొదటి పద్ధతి ప్రాజెక్ట్‌బిల్డర్. ఇది గ్రేడిల్‌తోనే వచ్చే క్లాస్. నిజమైన బిల్డ్ నడపకుండా, జావా టెస్టులు నడిపే జేయూనిట్‌లో ఒక టెస్ట్ లోపలే ఒక ఉత్తుత్తి ప్రాజెక్టుని తయారుచేసి ఇస్తుంది. దానికి మన ప్లగిన్ అప్లై చేసి, తనిఖీ టాస్క్ చేరిందా, రిపోర్ట్ ఫైలు దారి డీఫాల్ట్‌గా సరిగా ఉందా అని అడగొచ్చు. చాలా వేగంగా నడుస్తుంది.

కానీ ఇక్కడ టాస్క్ నడవదు. ఆ ప్రాజెక్టుకి మూడో దశ లేదు. రెండో దశ కూడా పూర్తిగా జరగదు, కాబట్టి బిల్డ్ ఫైలు చదవడం అయ్యాక నడవాల్సిన కోడ్ ప్లగిన్‌లో ఉంటే అది ఇక్కడ మామూలుగా నడవదు. అప్-టు-డేట్ లెక్క లేదు, క్యాష్ లేదు. అప్లై మెథడ్ కూలకుండా నడిచి, చేర్చాల్సినవి చేర్చిందా అన్న ప్రశ్నకు మాత్రమే ఇది జవాబు ఇస్తుంది. ఇవి మాత్రమే ఉన్న ప్లగిన్‌లో టెస్టులు అరవై ఉన్నా, అరవైసార్లు ఆ ఒక్క ప్రశ్నే అడిగినట్టు.

నిజమైన బిల్డ్ నడిపి చూడటం: టెస్ట్‌కిట్

గ్రేడిల్ 2.6తో టెస్ట్‌కిట్ వచ్చింది. ఇందులో టెస్ట్ ఒక తాత్కాలిక ఫోల్డర్లో చిన్న ప్రాజెక్టుని రాస్తుంది. సెట్టింగ్స్ ఫైలు, బిల్డ్ ఫైలు, మన ఉదాహరణకైతే రెండు స్ట్రింగ్స్ ఫైళ్లు. తర్వాత గ్రేడిల్‌రన్నర్ అనే క్లాస్‌తో దాని మీద నిజమైన గ్రేడిల్ బిల్డ్‌ని, మామూలుగా వేరే ప్రాసెస్‌లో, నడుపుతుంది. చివరికి రెండు విషయాలు చేతికి వస్తాయి: తెర మీద వచ్చిన అవుట్‌పుట్ అంతా, ప్రతి టాస్క్ ఎలా ముగిసిందన్న సమాచారం. సక్సెస్, ఫెయిల్డ్, అప్-టు-డేట్, ఫ్రమ్-క్యాష్ వంటివి ఆ ముగింపులు.

టెస్ట్ చేయాల్సిన ప్లగిన్‌ని ఆ తాత్కాలిక ప్రాజెక్టుకి అందించే పనిని జావా-గ్రేడిల్-ప్లగిన్ చూసుకుంటుంది. ప్లగిన్లు రాసేవాళ్ల కోసం గ్రేడిల్ ఇచ్చే ప్లగిన్ అది. ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఆండ్రాయిడ్ మీద ఆధారపడే ప్లగిన్లు రాసేవాళ్లు దీంతో బాగా ఇబ్బంది పడతారు. ఇలా అందించిన ప్లగిన్ వేరే క్లాస్‌లోడర్లో (జావా క్లాసుల్ని వెతికి తెచ్చే భాగం) కూర్చుంటుంది. మన ప్లగిన్ కంపైల్ అయ్యేటప్పుడు మాత్రమే ఆండ్రాయిడ్ ప్లగిన్ క్లాసులు చూసి, నడిచేటప్పుడు యూజర్ బిల్డ్‌లో ఉన్న ఆండ్రాయిడ్ ప్లగిన్‌ని వాడుకోవాలని రాశామనుకోండి. టెస్ట్‌లో ఆ క్లాసులు కనిపించవు, క్లాస్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. యూజర్ దగ్గర బాగానే నడిచేది టెస్ట్‌లో కూలుతుంది. అందుకే కొన్ని టీములు ఈ సౌకర్యం వదిలేసి, ప్లగిన్‌ని ముందు డిస్క్ మీదే ఒక మేవెన్ రిపాజిటరీ ఫోల్డర్లోకి పబ్లిష్ చేసి, టెస్ట్ ప్రాజెక్టు దాన్ని అక్కడి నుంచి తెచ్చుకునేలా రాస్తాయి. కాస్త నెమ్మదే, కానీ యూజర్ దగ్గర జరిగేదానికి ఇది ఎక్కువ దగ్గర.

ఫెయిల్ కావాల్సిన బిల్డ్‌ని పరీక్షించేటప్పుడు ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది. తెలుగు ఫైల్లో ఒక మాట తీసేసి, బిల్డ్ ఫెయిలైందా అని మాత్రమే చూస్తారు. టెస్ట్ రాసిన బిల్డ్ ఫైల్లో అక్షర దోషం ఉన్నా బిల్డ్ ఫెయిలవుతుంది, టెస్ట్ పాసవుతుంది. ఏ మాట లేదో ఆ పేరు అవుట్‌పుట్‌లో వచ్చిందా, ఫెయిలైంది మన టాస్కేనా అని కూడా చూస్తేనే ఆ టెస్ట్‌కి అర్థం.

ఒకే పొరపాటు, నాలుగు రూపాలు

ఇప్పుడు అసలు చిక్కులోకి వెళ్దాం. మన ప్లగిన్ రాసిన వ్యక్తి తెలుగు ఫైలుని ఇన్‌పుట్‌గా సరిగా ప్రకటించలేదు అనుకుందాం. యూజర్‌కి కనిపించే ఫలితం ఇలా ఉంటుంది. సోమవారం బిల్డ్ నడిచింది, అంతా బాగుంది. మంగళవారం ఎవరో తెలుగు ఫైల్లోంచి పది మాటలు పొరపాటున తీసేశారు. బిల్డ్ మళ్లీ నడిపితే తనిఖీ టాస్క్ అప్-టు-డేట్ అని వచ్చి ముందుకెళ్లిపోయింది. పది చోట్ల తెలుగు బదులు ఇంగ్లిష్ మాటలతో యాప్ బయటికి వెళ్లింది.

ఈ పొరపాటు నాలుగు రకాలుగా జరగొచ్చు. ఒక్కొక్కదాన్ని పట్టుకునే పద్ధతి వేరు.

మొదటిది: తెలుగు ఫైలు కోసం టాస్క్‌లో ఒక ప్రాపర్టీ పెట్టారు, దాని మీద ఇన్‌పుట్‌ఫైల్ అనే అనొటేషన్ (కోడ్ మీద పెట్టే గుర్తు) రాయడం మరిచిపోయారు. దీన్ని వ్యాలిడేట్‌ప్లగిన్స్ అనే టాస్క్ పట్టుకుంటుంది. జావా-గ్రేడిల్-ప్లగిన్ వాడితే ఇది దానంతట అదే వచ్చి చెక్ టాస్క్‌లో భాగమవుతుంది. ప్లగిన్‌ని నడపకుండానే టాస్క్ క్లాసుల్ని చదివి, ప్రతి ప్రాపర్టీకి అది ఇన్‌పుటా, అవుట్‌పుటా, లెక్కలోకి రాని అంతర్గత విషయమా అన్నది రాసి ఉందా అని చూస్తుంది. రాయకపోతే ఒప్పుకోదు. బిల్డ్ నడిచేటప్పుడు కూడా గ్రేడిల్ ఇలాంటి లోపాలు కొన్నిటిని పట్టుకుంటుంది. 7.0 నుంచి ఈ విషయంలో చాలా కఠినంగా మారింది.

రెండోది: ప్రాపర్టీ ఫైల్ రకానిదే, కానీ ఇన్‌పుట్‌ఫైల్ బదులు వట్టి ఇన్‌పుట్ అని రాశారు. చూడటానికి చిన్న తేడా. ఇన్‌పుట్ అంటే గ్రేడిల్ ఆ విలువను మాత్రమే చూస్తుంది. ఫైలు విషయంలో విలువ అంటే దాని దారి, లోపలి రాతలు కావు. ఫైలు లోపల ఏం మారినా దారి మారదు కదా. దీన్ని కూడా వ్యాలిడేట్‌ప్లగిన్స్ పట్టుకుంటుంది, ఎందుకంటే ఫైల్ రకం మీద ఆ అనొటేషన్ ఉండకూడదని దానికి తెలుసు.

మూడోది: ప్రాపర్టీ అంటూ ఏదీ లేదు. టాస్క్ నడిచే కోడ్‌లోనే ప్రాజెక్ట్‌ని అడిగి తెలుగు ఫైలు దారి తెచ్చుకుని చదివేశారు. వ్యాలిడేట్‌ప్లగిన్స్ ప్రాపర్టీలనే చూస్తుంది, మెథడ్ లోపల ఏం జరుగుతుందో చూడదు. కాబట్టి దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది. ఇక్కడ పట్టుకునేది కాన్ఫిగరేషన్ క్యాష్. రెండో దశ ఫలితాన్ని దాచుకుని, తర్వాతి బిల్డ్‌లో ఆ దశని దాటేసే సౌకర్యం ఇది. గ్రేడిల్ 6.6లో ప్రయోగాత్మకంగా వచ్చి 8.1లో స్థిరపడింది. రెండో దశని దాటేసినప్పుడు ప్రాజెక్ట్ అనే వస్తువే ఉండదు, అందుకే టాస్క్ నడిచే సమయంలో దాన్ని అడగడం నిషేధం. టెస్ట్‌కిట్‌లో కాన్ఫిగరేషన్ క్యాష్ ఆన్ చేసి నడిపితే ఈ తప్పు స్పష్టమైన ఎర్రర్‌గా బయటపడుతుంది. అసలు ఉద్దేశం వేగం పెంచడమే అయినా, ఇది పరోక్షంగా మంచి తనిఖీ సాధనం కూడా అయింది. కొత్త గ్రేడిల్‌కి మారి కాన్ఫిగరేషన్ క్యాష్ ఆన్ చేయగానే బయటపడే ఎర్రర్లలో ఈ రకం చాలా మామూలు. ప్లగిన్‌లో ఆ తప్పు ఏళ్ల తరబడి ఉన్నదే, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

నాలుగోది అన్నిటికంటే జారుడు రకం. ఫైలు దారిని స్ట్రింగ్‌గా ఒక ప్రాపర్టీలో పెట్టి, దాని మీద ఇన్‌పుట్ అని రాశారు. టాస్క్ కోడ్‌లో ఆ స్ట్రింగ్‌తో ఫైలు తెరిచి చదువుతున్నారు. వ్యాలిడేట్‌ప్లగిన్స్ చూస్తే స్ట్రింగ్ మీద ఇన్‌పుట్ అనొటేషన్ ఉంది, అది పూర్తిగా సరైనదే. కాన్ఫిగరేషన్ క్యాష్ చూస్తే ప్రాజెక్ట్‌ని ఎవరూ అడగలేదు. ప్రాజెక్ట్‌బిల్డర్ టెస్ట్ పాస్. టెస్ట్‌కిట్‌లో ఒక్కసారి నడిపి సక్సెస్ వచ్చిందా అని చూసే టెస్ట్ కూడా పాస్. బగ్ మాత్రం మొదటి మూడింటిలో ఉన్నదే.

దీన్ని పట్టుకునే టెస్ట్ ఒక్కటే. అదే ఫోల్డర్లో బిల్డ్‌ని మూడుసార్లు నడపాలి. మొదటిసారి సక్సెస్ రావాలి. ఏమీ మార్చకుండా రెండోసారి నడిపితే అప్-టు-డేట్ రావాలి. తర్వాత తెలుగు ఫైల్లో ఒక మాట మార్చి మూడోసారి నడిపితే అప్-టు-డేట్ రాకూడదు. రెండో నడక ప్లగిన్ అనవసరంగా పని చేయట్లేదని చూపిస్తుంది. మూడో నడక అవసరమైన పనిని ఎగ్గొట్టట్లేదని చూపిస్తుంది. ప్రతి ఇన్‌పుట్‌కీ విడిగా ఇలా ఒకటి ఉండాలి. రెండు ఫైళ్లలో మూల ఫైలుని మాత్రమే మార్చి చూసే టెస్ట్ ఈ బగ్‌ని ఎప్పటికీ చూడలేదు.

మొదటి నడక పాసయ్యే స్థితి నుంచే మొదలుకావాలి. ఫెయిలైన టాస్క్‌ని గ్రేడిల్ ఎలాగూ మళ్లీ నడుపుతుంది కాబట్టి, ఫెయిల్ నుంచి మొదలైన టెస్ట్ అప్-టు-డేట్ లెక్క గురించి ఏమీ చెప్పదు.

వేరే ఫోల్డర్, వేరే మెషీన్

బిల్డ్ క్యాష్ వాడే ప్లగిన్‌కి ఇంకో మెట్టు ఉంది. సీఐ సర్వర్లో (కోడ్ మారినప్పుడు బిల్డ్‌ని దానంతట అదే నడిపే మెషీన్) తయారైన రిపోర్ట్‌ని డెవలపర్ ల్యాప్‌టాప్ క్యాష్ నుంచి తెచ్చుకుంటుంది. రెండు చోట్లా ప్రాజెక్టు ఉన్న ఫోల్డర్ దారి వేరు. ఇన్‌పుట్ ఫైలు పూర్తి దారి కూడా లెక్కలోకి వస్తే రెండు చోట్లా ఇన్‌పుట్లు వేర్వేరుగా కనిపిస్తాయి, క్యాష్ ఎప్పుడూ తగలదు. అందుకే పాత్‌సెన్సిటివ్ అనే అనొటేషన్‌తో దారిలో ఎంత భాగం లెక్కలోకి తీసుకోవాలో చెప్పాలి. క్యాష్ అయ్యే టాస్క్‌లో ఇది లేకపోతే వ్యాలిడేట్‌ప్లగిన్స్ చెబుతుంది. స్ట్రిక్టర్ వ్యాలిడేషన్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే మిగతా టాస్కుల్లో కూడా చూస్తుంది.

అయితే మన రిపోర్ట్ ఫైల్లో ఫలానా ఫైల్లో ఫలానా మాట లేదని రాస్తూ ఫైలు పూర్తి దారిని రాశామనుకోండి. అనొటేషన్లన్నీ సరిగానే ఉన్నాయి, క్యాష్ కూడా తగులుతుంది. నా ల్యాప్‌టాప్‌లో తెరిచిన రిపోర్ట్‌లో మాత్రం సీఐ సర్వర్ ఫోల్డర్ దారి ఉంటుంది. దీనికి టెస్ట్ ఏమిటంటే, ఒకే ప్రాజెక్టుని రెండు వేర్వేరు ఫోల్డర్లలో పెట్టి, ఒకే క్యాష్ ఇచ్చి, వరుసగా నడపడం. రెండోదాంట్లో ఫ్రమ్-క్యాష్ రావాలి, రిపోర్ట్‌లో మొదటి ఫోల్డర్ పేరు కనిపించకూడదు. ఆ క్యాష్ ఫోల్డర్ ఈ ఒక్క టెస్ట్ కోసమే విడిగా పెట్టినదై ఉండాలి. లేకపోతే ఇంతకుముందు నడిచిన టెస్ట్ వదిలిన ఫలితం తగిలి, మొదటి నడకలోనే ఫ్రమ్-క్యాష్ వస్తుంది.

ఎన్ని వెర్షన్ల మీద నడపాలి

ఒక వెర్షన్‌లో ఉన్నది తర్వాత ఉండకపోవచ్చు. గ్రేడిల్ 7.0లో కంపైల్ అనే పాత డిపెండెన్సీ కాన్ఫిగరేషన్ (ప్రాజెక్టు వాడే లైబ్రరీల జాబితా) తీసేశారు. దాన్ని పేరుతో వెతికే ప్లగిన్లు ఆ రోజు నుంచి కూలాయి. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0లో ట్రాన్స్‌ఫార్మ్ ఏపీఐ తీసేశారు, బైట్‌కోడ్ (కంపైల్ అయిన జావా కోడ్) మార్చే ప్లగిన్లు కొత్త పద్ధతికి మారాల్సి వచ్చింది. దీనికి ఎదురు దిశలో కూడా సమస్య ఉంది. కొత్త గ్రేడిల్‌తో కంపైల్ చేసిన ప్లగిన్ కొత్త మెథడ్ ఏదైనా వాడితే, పాత గ్రేడిల్ ఉన్న యూజర్ దగ్గర ఆ మెథడ్ లేదని కూలుతుంది.

టెస్ట్‌కిట్‌లో ఏ గ్రేడిల్ వెర్షన్‌తో నడపాలో చెప్పొచ్చు, అది దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని నడుపుతుంది. చిక్కంతా లెక్కలో ఉంది. మన ప్లగిన్ గ్రేడిల్ 7.6, 8.0, 8.5, 9.0 వెర్షన్లనీ, జావా 11, 17, 21నీ సపోర్ట్ చేస్తుందని చెప్పాలనుకుందాం. నాలుగు మూళ్లు పన్నెండు జోడీలు. అందులో కొన్ని అసలు కుదరవు. జావా 21 మీద గ్రేడిల్ నడవడం 8.5తో మొదలైంది, కాబట్టి 7.6, 8.0లతో 21 పోతుంది. 9.0కి 17 కావాలి, కాబట్టి దానితో 11 పోతుంది. మిగిలినవి తొమ్మిది. టెస్ట్‌కిట్ టెస్టులు ఇరవై ఉండి ఒక్కోదానికి 15 సెకన్లు పడితే, ఒక జోడీకి 5 నిమిషాలు, మొత్తం 45 నిమిషాలు. దీనికి ఆండ్రాయిడ్ ప్లగిన్ వెర్షన్లు మూడు కలిపితే రెండు గంటలు దాటుతుంది.

ఇక్కడ ప్లగిన్ రాసేవాళ్లలో ఏకాభిప్రాయం లేదు. సపోర్ట్ చేస్తామని చెప్పిన ప్రతి జోడీ మీదా ప్రతి మార్పుకీ నడపాల్సిందే, లేకపోతే ఆ మాట చెప్పకూడదని కొందరు అంటారు. అన్నిటికంటే పాతదాని మీద, అన్నిటికంటే కొత్తదాని మీద మొత్తం టెస్టులు నడిపి, మధ్యలోవాటి మీద ఒకటి రెండు నడిపితే చాలని ఇంకొందరు అంటారు. విరిగేవి ఎక్కువగా అంచుల్లోనే విరుగుతాయన్నది వాళ్ల అనుభవం. పూర్తి పట్టికని రాత్రిపూట సీఐలో నడిపేవాళ్లు కూడా ఉన్నారు. ఒకే కంపెనీలో, ఒకే గ్రేడిల్ వెర్షన్‌తో వాడే ప్లగిన్‌కి ఈ టెన్షన్ ఏదీ అక్కర్లేదు. అప్‌గ్రేడ్‌కి ముందు కొత్త వెర్షన్‌తో ఒకసారి నడిపితే సరిపోతుంది.

వేగమైన టెస్టులా, నిజమైన టెస్టులా

ఎక్కువ టెస్టులు ఏ రకానివి ఉండాలన్న దాని మీద రెండు బలమైన వాదనలు ఉన్నాయి. ఒక వర్గం ప్రాజెక్ట్‌బిల్డర్‌ని దాదాపు పక్కన పెట్టేస్తుంది. ప్లగిన్ అంటే గ్రేడిల్‌తో మాట్లాడే కోడ్, ఆ మాటలు సరిగా ఉన్నాయో లేదో నిజమైన గ్రేడిల్‌ని అడిగితేనే తెలుస్తుందన్నది వీళ్ల వాదన. గ్రేడిల్ ప్రాజెక్ట్‌కి నకిలీ వస్తువుని తయారుచేసి టెస్ట్ రాయడాన్ని ఈ వర్గం గట్టిగా వ్యతిరేకిస్తుంది. నకిలీ వస్తువు మనం ఊహించుకున్నట్టే ప్రవర్తిస్తుంది, తప్పు ఊహలోనే ఉంటే టెస్ట్‌లో కూడా అదే తప్పు ఉంటుంది. ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

రెండో వర్గం చెప్పేది కూడా తీసిపారేసేది కాదు. టెస్ట్‌కిట్ టెస్టులు నెమ్మది. వేరే ప్రాసెస్‌లో నడుస్తాయి కాబట్టి టెస్టులు ఎంత కోడ్‌ని తాకాయో కొలిచే జాకోకో వంటి కవరేజ్ టూల్స్‌కి అదనపు ఏర్పాటు లేకుండా అవి కనిపించవు. డీబగ్గర్ పెట్టాలంటే విడిగా డీబగ్ మోడ్ ఆన్ చేయాలి, అప్పుడు బిల్డ్ టెస్ట్ ప్రాసెస్‌లోనే నడుస్తుంది గానీ అది మామూలు పరిస్థితికి కాస్త దూరం. అందుకే అసలు తెలివిని గ్రేడిల్ పేరే తెలియని మామూలు క్లాసుల్లోకి తరలించాలని వీళ్లంటారు. మన ఉదాహరణలో రెండు స్ట్రింగ్స్ ఫైళ్లను పోల్చే కోడ్‌కి గ్రేడిల్‌తో పనేముంది? వ్యాఖ్యల్లో ఉన్న మాటల్ని వదిలేయడం, అనువదించనక్కర్లేదని గుర్తుపెట్టినవాటిని దాటేయడం, ఖాళీ ఫైలు వస్తే ఏం చేయాలో చూడటం, ఇవన్నీ మామూలు యూనిట్ టెస్టులతో సెకన్లలో పరీక్షించొచ్చు. అప్పుడు టెస్ట్‌కిట్‌కి మిగిలేది ఇన్‌పుట్లు, క్యాష్, కాన్ఫిగరేషన్ క్యాష్, వెర్షన్లు. సంఖ్య బాగా తగ్గుతుంది.

నిజానికి ఈ రెండు వాదనలు కలుస్తాయి. రెండూ ప్రాజెక్ట్‌బిల్డర్‌ని మధ్యలో పెద్దగా పని లేకుండా వదిలేస్తాయి.

మేవెన్, బేజెల్ దారి వేరు

మేవెన్‌లో ప్లగిన్ చేసే ఒక్కో పనిని మోజో అంటారు. దాన్ని నిజమైన బిల్డ్‌లో పరీక్షించడానికి మేవెన్ ఇన్వోకర్ ప్లగిన్ ఉంది. ఐటీ అనే ఫోల్డర్లో చిన్న చిన్న నమూనా ప్రాజెక్టులు పెడితే, ఒక్కొక్కదాని మీద నిజమైన మేవెన్ నడిచి, చివర్లో మనం రాసిన వెరిఫై స్క్రిప్ట్ ఫలితాన్ని చూస్తుంది. ఈ నమూనాలు టెస్ట్ కోడ్ లోపల అక్షరాల ముద్దగా కాకుండా మామూలు ఫోల్డర్లుగా ఉంటాయి, కొత్తవాళ్లు వాటిని చూసి ప్లగిన్ వాడటం కూడా నేర్చుకోవచ్చు.

బేజెల్ అసలు ప్రశ్ననే మార్చేసింది. గూగుల్ 2015లో బయటపెట్టిన ఈ టూల్, లినక్స్, మ్యాక్‌లలో ఒక్కో పనిని శాండ్‌బాక్స్‌లో నడుపుతుంది. ఇన్‌పుట్‌గా ప్రకటించని సోర్స్ ఫైలు ఆ శాండ్‌బాక్స్‌లోకే రాదు. మన నాలుగో రకం తప్పు బేజెల్‌లో చేస్తే, తెలుగు ఫైలు దొరకలేదని మొదటి నడకలోనే ఆగుతుంది. గ్రేడిల్‌లో ఇలాంటి అడ్డు లేదు. టాస్క్ డిస్క్ మీద ఏ ఫైలునైనా చదవొచ్చు, అందుకే మూడు నడకల టెస్ట్ భారం ప్లగిన్ రాసేవాళ్ల మీద పడింది. బదులుగా, ఉన్న ప్రాజెక్టుని గ్రేడిల్‌లోకి తేవడం తేలిక. బేజెల్‌లోకి తేవాలంటే ప్రతి ఫైలునీ ముందే లెక్క చెప్పాలి.

వ్యాలిడేషన్ అంటే భద్రత కాదు

ఇంకో అయోమయం మిగిలింది. వ్యాలిడేట్‌ప్లగిన్స్ అన్న పేరు వింటే ప్లగిన్ నమ్మదగ్గదని ఎవరో తేల్చినట్టు అనిపిస్తుంది. అది చూసేది అనొటేషన్లను మాత్రమే. ప్లగిన్ బిల్డ్ నడిపే వ్యక్తికి ఉన్న అన్ని అనుమతులతో నడుస్తుంది. ఫైళ్లు చదవగలదు, నెట్‌లోకి వెళ్లగలదు, సీఐ సర్వర్లో ఉంచిన రహస్య కీలను చూడగలదు. గ్రేడిల్ ప్లగిన్ పోర్టల్లో కొత్త ప్లగిన్‌ని మొదటిసారి పెట్టినప్పుడు మనుషులు చూసి ఆమోదిస్తారు, కానీ తర్వాత వచ్చే ప్రతి వెర్షన్ కోడ్‌నీ ఎవరో చదివి పంపుతున్నారని అనుకోకూడదు.

ఈ వైపు పనికొచ్చేది డిపెండెన్సీ వెరిఫికేషన్. ఇది గ్రేడిల్ 6.2లో వచ్చింది. ప్రాజెక్టులో ఒక ఫైలు పెట్టి, వాడే ప్రతి లైబ్రరీకీ, ప్రతి ప్లగిన్‌కీ చెక్‌సమ్ (ఫైలు లోపలి రాతల నుంచి లెక్కించే గుర్తు) గానీ సంతకం గానీ నమోదు చేస్తే, డౌన్‌లోడ్ అయినది దానితో సరిపోలనప్పుడు బిల్డ్ ఆగుతుంది. మధ్యలో ఎవరైనా ఫైలు మార్చితే ఇది పట్టుకుంటుంది. నమోదు చేసిన రోజే ఆ ఫైలు చెడ్డదైతే మాత్రం దీనికి తెలియదు.